పదేళ్ల నియమం: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటిష్ విదేశాంగ, రక్షణ విధానాలు

ఉపోద్ఘాతం

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ గడచిన ఇరవై ఏళ్ల బ్రిటిష్ విదేశాంగ విధానం అనగానే సాధారణంగా స్ఫురించేది మ్యూనిక్ ఒప్పందం. 1938 సెప్టెంబరు 30న లండనుకు తిరిగివచ్చిన ప్రధాని నెవిల్ చాంబర్లేన్ విమానాశ్రయంలో ఒక కాగితాన్ని ఎత్తి చూపిన దృశ్యం ఆ కాలానికంతటికీ ప్రతీకగా నిలిచిపోయింది. ఏడాది తిరగకుండానే యుద్ధం రావడంతో ఆ కాగితం పిరికితనానికి, దూరదృష్టి లోపానికి గుర్తయింది. 1940లో ‘కేటో’ అనే మారుపేరుతో ముగ్గురు పాత్రికేయులు వెలువరించిన ‘గిల్టీ మెన్’ అనే చిన్న పుస్తకం ఈ అభిప్రాయానికి రూపమిచ్చింది. 1948లో వెలువడిన విన్‌స్టన్ చర్చిల్ యుద్ధచరిత్ర మొదటి సంపుటం దానిని స్థిరపరచింది.

ప్రభుత్వ పత్రాలను యాభై ఏళ్లకు బదులు ముప్ఫై ఏళ్లకే పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చే శాసనం 1967లో వచ్చిన తరువాత ఈ చర్చ స్వరూపం మారింది. మైకేల్ హోవర్డ్, జి.సి. పెడెన్ వంటి చరిత్రకారులు వ్యక్తుల స్వభావాలకన్నా సామ్రాజ్య బాధ్యతలను, ఖజానా పరిమితులను ప్రధానంగా పరిశీలించారు. 1993లో ఆర్.ఎ.సి. పార్కర్, చాంబర్లేన్‌కు వేరే మార్గాలు ఉన్నాయని, ఆయన వాటిని తెలిసే తోసిపుచ్చాడని వాదించి చర్చను మళ్లీ మొదటికి తెచ్చాడు.

ఈ చర్చలోని ఒక అంశాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదని 1919లో బ్రిటిష్ మంత్రివర్గం చేసుకున్న ఊహ క్రమంగా నియమమై, సైనిక బలాన్ని నిర్ణయించే కొలమానంగా మారింది. అదే కాలంలో విదేశాంగ శాఖ కొత్త హామీలు ఇస్తూ పోయింది. హామీలకు, బలానికి మధ్య పెరిగిన ఈ అంతరమే 1930లలో బుజ్జగింపు విధానానికి ప్రధాన కారణమని, ఆ అంతరం అనివార్యంగా ఏర్పడింది కాక వరుస నిర్ణయాల ఫలితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నియమం పుట్టిన నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విజేతగా నిలిచింది. జర్మనీ నౌకాదళం అంతరించింది. సామ్రాజ్యం మునుపెన్నడూ లేనంతగా విస్తరించింది. ఇరాక్, పాలస్తీనా వంటి ప్రాంతాలు నానాజాతి సమితి అధిదేశం కింద బ్రిటిష్ పాలనలోకి వచ్చాయి. అయితే ఈ విజయం ఖరీదు తక్కువది కాదు. బ్రిటిష్ దీవుల నుండి యుద్ధానికి వెళ్లినవారిలో ఏడు లక్షలకు పైగా మరణించారు. 1914లో సుమారు 65 కోట్ల పౌండ్లు ఉన్న జాతీయ రుణం యుద్ధానంతరం 700 కోట్లు దాటింది. 1920ల చివరినాటికి ప్రభుత్వ వ్యయంలో దాదాపు ఐదింట రెండు వంతులు వడ్డీలకే పోయేది. ఓటు హక్కు విస్తరించడంతో గృహనిర్మాణం, పింఛన్లు, నిరుద్యోగ భృతి వంటివి ఏ ప్రభుత్వమూ కాదనలేని బాధ్యతలయ్యాయి.

ఈ పరిస్థితిలో 1919 ఆగస్టు 15న యుద్ధ మంత్రివర్గం త్రివిధ దళాలకు ఒక ఆదేశమిచ్చింది. రాబోయే పదేళ్లలో బ్రిటిష్ సామ్రాజ్యం పెద్ద యుద్ధంలో పాల్గొనవలసిరాదని, అందుకోసం విదేశాలకు పంపే ప్రత్యేక సేన అవసరముండదని భావించి వ్యయ అంచనాలను సవరించుకోవాలన్నది దాని సారాంశం. ఇదే తరువాత ‘పదేళ్ల నియమం’గా ప్రసిద్ధికెక్కింది. 1919లో ఈ ఊహ అసంబద్ధమైనది కాదు. జర్మనీ నిరాయుధమైంది, రష్యా అంతర్యుద్ధంలో మునిగింది, అమెరికాతో, జపానుతో యుద్ధం చేయవలసిన కారణం కనిపించలేదు. ఊహ చేసినవారు సైతం దానిని ఆ ఏటి వ్యయ నియంత్రణకు సాధనంగానే భావించారు.

ఫలితం వెంటనే కనిపించింది. 1919–20లో 60 కోట్ల పౌండ్లకు పైగా ఉన్న రక్షణ వ్యయం 1932 నాటికి సుమారు 10 కోట్లకు దిగజారింది. 1921లో సర్ ఎరిక్ గెడ్డెస్ అధ్యక్షతన ఏర్పడిన పొదుపు సంఘం సూచించిన కోతలు ‘గెడ్డెస్ గొడ్డలి’ అన్న పేరుతో జనవ్యవహారంలోకి వచ్చాయి. ఆ గొడ్డలి దెబ్బ విద్య మీద, ఆరోగ్యం మీద పడినట్లే సైన్యం మీదా పడింది.

హామీల విస్తరణ

బలం తగ్గుతున్న ఆ కాలంలోనే బాధ్యతలు పెరిగాయి. 1921 నవంబరు నుండి 1922 ఫిబ్రవరి వరకు వాషింగ్టన్‌లో జరిగిన నౌకాదళ సమావేశంలో బ్రిటన్, అమెరికా, జపానుల యుద్ధనౌకల బలం 5:5:3 నిష్పత్తిలో ఉండాలని నిర్ణయమైంది. సముద్రాలపై శతాబ్దం పాటు సాగిన ఆధిపత్యాన్ని వదులుకుని అమెరికాతో సమానత్వాన్ని బ్రిటన్ అంగీకరించింది. 1902 నుండి అమలులో ఉన్న ఆంగ్లో-జపాను మైత్రి స్థానంలో నాలుగు రాజ్యాల ఒప్పందం వచ్చింది. మైత్రిని కొనసాగించాలని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కోరినా, అమెరికా అసంతృప్తిని దృష్టిలో ఉంచుకుని కెనడా వ్యతిరేకించింది. ఈ మార్పు వలన తూర్పు సముద్రాలలో అప్పటివరకు మిత్రదేశమైన జపాను ఇకపై జాగ్రత్తగా గమనించవలసిన దేశమైంది. ఒకప్పుడు మైత్రి నెరవేర్చిన పనిని ఇక యుద్ధనౌకలే నెరవేర్చాలి. ఆ నౌకల సంఖ్యను మాత్రం ఒప్పందమే కుదించింది.

ఐరోపాలో 1925 డిసెంబరు 1న సంతకాలు జరిగిన లొకార్నో ఒప్పందాలు మరొక ఉదాహరణ. విదేశాంగ మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ చొరవతో బ్రిటన్, ఫ్రాన్స్-జర్మనీ, బెల్జియం-జర్మనీ సరిహద్దులకు హామీదారుగా నిలిచింది. ఫ్రాన్స్ దాడి చేస్తే జర్మనీకి, జర్మనీ దాడి చేస్తే ఫ్రాన్సుకు సహాయపడతానని మాట ఇచ్చిన రాజ్యం ఏ ఒక్క సైన్యంతోనూ ముందస్తు యుద్ధ ప్రణాళిక రచించలేదు. ఆ హామీని నెరవేర్చడానికి ప్రత్యేక సేనను సిద్ధం చేయనూ లేదు. దళాల పరిమాణం విదేశాంగ విధాన అవసరాల ఆధారంగా లెక్కించినది కాదని 1926లో దళాధిపతుల సంఘం మంత్రివర్గానికి స్పష్టంగానే నివేదించింది. ఆ మాట ఎవరినీ కలవరపెట్టినట్లు కనిపించదు. హామీ ఇవ్వడమే యుద్ధాన్ని నివారిస్తుంది కాబట్టి దానిని నెరవేర్చవలసిన అవసరం రాదన్న విశ్వాసం నాటి రాజకీయ వర్గాలలో బలంగా ఉండేది.

అధినివేశ రాజ్యాల వైఖరి కూడా గమనించదగినది. 1922లో టర్కీతో చనక్ వద్ద యుద్ధభయం ఏర్పడినపుడు లండన్ పిలుపుకు కెనడా వెంటనే స్పందించలేదు. తమ పార్లమెంటు నిర్ణయించాలని ప్రధాని మెకెంజీ కింగ్ స్పష్టం చేశాడు. లొకార్నో హామీ అధినివేశ రాజ్యాలకు, భారతదేశానికి వాటి ప్రభుత్వాల అంగీకారం లేనిదే వర్తించదని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. 1914లో ఒక్క ప్రకటనతో యుద్ధంలోకి దిగిన సామ్రాజ్యం 1920లలో అంత ఏకత్రాటి మీద లేదు.

సింగపూర్: నౌకలు లేని స్థావరం

హామీలకు, బలానికి మధ్య అంతరం అత్యంత స్పష్టంగా కనిపించేది సింగపూర్ నౌకాస్థావరం చరిత్రలో. జపానుతో యుద్ధం వస్తే తూర్పు సముద్రాలలో పెద్ద నౌకలకు మరమ్మత్తులు చేసే రేవు లేదు. అందుకే 1921 జూన్‌లో మంత్రివర్గం సింగపూర్‌లో స్థావరం నిర్మించాలని నిర్ణయించింది. శాంతికాలంలో ప్రధాన నౌకాదళం ఐరోపా జలాలలోనే ఉంటుంది. ప్రమాదం ఏర్పడినపుడు తూర్పుకు పయనిస్తుంది. అది చేరేవరకు సింగపూర్ తనను తాను కాపాడుకోవాలి. ‘సింగపూర్ వ్యూహం’ మొత్తం ఇంతే.

ఆచరణలో ఈ పథకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆగుతూ సాగుతూ నడిచింది. 1924లో రామ్సే మెక్‌డొనాల్డ్ లేబర్ ప్రభుత్వం పనులను నిలిపివేసింది. అదే ఏడాది చివర అధికారంలోకి వచ్చిన బాల్డ్విన్ ప్రభుత్వం తిరిగి ప్రారంభించింది. 1929లో మళ్లీ వచ్చిన లేబర్ ప్రభుత్వం వేగం తగ్గించింది. కన్సర్వేటివ్ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా ఉన్న చర్చిల్ సైతం ఖర్చును ప్రతిఘటించాడు. జపానుతో యుద్ధం తమ జీవితకాలంలో జరిగే అవకాశం లేదని 1924 డిసెంబరులో ఆయన బాల్డ్విన్‌కు లేఖ రాశాడు. చివరకు 1938 ఫిబ్రవరి 14న స్థావరం ప్రారంభమయింది. అప్పటికి నౌకాదళాన్ని ఐరోపా నుండి కదిలించే వెసులుబాటు సన్నగిల్లింది. ప్రధాన నౌకాదళం రాకకు తొలి ప్రణాళికలలో 42 రోజులని పెట్టుకున్న గడువు 70 రోజులకు, 90 రోజులకు, ఐరోపాలో యుద్ధం మొదలయ్యాక 180 రోజులకు పెరిగింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు ఇచ్చిన మాట మారలేదు. దాని వెనుక నిలిచే నౌకల సంఖ్య మారిపోయింది.

గడువు జరుగుతూ పోవడం

1919 నాటి ఊహ ప్రకారం పదేళ్ల గడువు 1929లో ముగియాలి. 1928 జూలైలో ఆర్థిక మంత్రి చర్చిల్ ప్రోద్బలంతో సామ్రాజ్య రక్షణ సంఘం ఆ గడువు స్వభావాన్నే మార్చింది. ఏ రోజున లెక్కించినా ఆ రోజు నుండి పదేళ్ల వరకు పెద్ద యుద్ధం రాదని భావించాలని, ఏటా సమీక్షించాలని నిశ్చయించింది. ఈ మార్పుతో గడువు అన్నది అర్థం కోల్పోయింది. నిన్న పదేళ్ల దూరంలో ఉన్న యుద్ధం నేడు కూడా పదేళ్ల దూరంలోనే ఉంటుంది. మరుసటి దశాబ్దంలో పునరాయుధీకరణ కోసం గొంతెత్తిన నాయకుడే ఈ మార్పుకు కారకుడు కావడం, బాధ్యతను ఒకరిద్దరికి పరిమితం చేసే వ్యాఖ్యానాల బలహీనతను తెలుపుతుంది.

ఈ నియమం వలన కలిగిన అసలు నష్టం పరిశ్రమలలో జరిగింది. ఆర్డర్లు లేక యుద్ధనౌకల నిర్మాణశాలలు, ఫిరంగులు, కవచ పలకలు తయారుచేసే కర్మాగారాలు కుదించుకుపోయాయి. నిపుణులైన కార్మికులు చెదిరిపోయారు. డబ్బు మంజూరైన తరువాత కూడా ఈ సామర్థ్యాన్ని తిరిగి నిర్మించడానికి ఏళ్లు పట్టింది. 1930ల చివర కొత్త విమానవాహక నౌకలకు కావలసిన కవచ పలకలలో కొంత భాగాన్ని చెకోస్లోవాకియాలోని విట్కోవిత్సె కర్మాగారం నుండి కొనవలసివచ్చిందంటే పరిస్థితిని ఊహించవచ్చు.

1931 సెప్టెంబరులో రెండు సంక్షోభాలు ఒకే వారంలో కలిసివచ్చాయి. జీతాల కోతకు నిరసనగా 15, 16 తేదీలలో ఇన్వర్‌గోర్డన్ వద్ద నావికులు పని నిరాకరించారు. 18న జపాను సైన్యం మంచూరియాలో ముక్డెన్ వద్ద దాడికి దిగింది. 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిపెట్టింది. మరుసటి జనవరిలో యుద్ధం షాంఘైకి పాకింది. దళాధిపతుల నివేదిక మేరకు 1932 మార్చిలో మంత్రివర్గం పదేళ్ల నియమాన్ని విరమించుకుంది. అయితే దేశ ఆర్థిక స్థితి దృష్ట్యా దీనిని అదనపు ఖర్చుకు అనుమతిగా భావించరాదన్న షరతును కూడా చేర్చింది. నియమం పోయినా దాని ఆలోచనా విధానం మరి రెండేళ్లు నిలిచింది.

ముగ్గురు ప్రత్యర్థులు, ఒకే ఖజానా

1933 అక్టోబరులో హిట్లర్ ప్రభుత్వం నిరాయుధీకరణ సమావేశం నుండి, నానాజాతి సమితి నుండి వైదొలగింది. తరువాతి నెలలో మారిస్ హాంకీ అధ్యక్షతన ఏర్పడిన రక్షణ అవసరాల ఉపసంఘం 1934 ఫిబ్రవరిలో నివేదిక సమర్పిస్తూ, దీర్ఘకాలంలో ప్రధాన శత్రువు జర్మనీయేనని పేర్కొంది. లోటుపాట్లు పూరించడానికి అయిదేళ్లలో సుమారు 7.6 కోట్ల పౌండ్లు కావాలని కోరింది. ఆర్థిక మంత్రి నెవిల్ చాంబర్లేన్ దానిని సుమారు 5 కోట్లకు కుదించి, వైమానిక దళం వాటాను పెంచి, భూసైన్యం వాటాను 4 కోట్ల నుండి 2 కోట్లకు తగ్గించాడు. బాంబర్ విమానాన్ని ఏ శక్తీ అడ్డుకోలేదని 1932 నవంబరులో బాల్డ్విన్ పార్లమెంటులో చెప్పిన మాట ప్రజల మనసులలో నాటుకుపోయిన రోజులవి. మరొకసారి ఫ్రాన్స్ కందకాలలో సైనికులను పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అందువలన చాంబర్లేన్ కోత లోకాభిప్రాయానికి అనుగుణంగానే ఉంది.

1935–36లో పరిస్థితి వేగంగా దిగజారింది. 1935 జూన్‌లో బ్రిటన్, ఫ్రాన్సును సంప్రదించకుండా, జర్మనీ తన నౌకాదళాన్ని బ్రిటిష్ బలంలో 35 శాతం వరకు పెంచుకోవచ్చునని అంగీకరించింది. తూర్పుకు నౌకలు పంపవలసివస్తే ఐరోపాలో ఎంత బలం మిగలాలన్న లెక్కే దీనికి ఒక కారణం. అదే ఏడాది అక్టోబరులో ఇటలీ అబిసీనియాపై దండెత్తింది. మధ్యధరా సముద్రంలో ఇటలీతో యుద్ధం వస్తే దెబ్బతినే నౌకలు జపానుకు ఎదురు నిలవలేవన్న భయం బ్రిటిష్ నాయకులను వెంటాడింది. అర్ధమనస్కంగా విధించిన ఆంక్షలు అబిసీనియాను కాపాడలేదు. ఇటలీని మాత్రం జర్మనీ వైపు నెట్టాయి. 1936 మార్చి 7న జర్మన్ సేనలు రైన్‌లాండ్‌లో ప్రవేశించినపుడు లొకార్నో హామీ పరీక్షకు వచ్చింది. బ్రిటన్ కదలలేదు.

1937 డిసెంబరులో దళాధిపతుల సంఘం జర్మనీ, ఇటలీ, జపానులను ఏకకాలంలో ఎదుర్కొనగల బలం తమకు ఎప్పటికి సమకూరుతుందో చెప్పలేమని, శత్రువుల సంఖ్యను తగ్గించే దౌత్యం అత్యవసరమని నివేదించింది. అదే నెలలో రక్షణ సమన్వయ మంత్రి సర్ థామస్ ఇన్‌స్కిప్, దేశ ఆర్థిక స్థిరత్వాన్ని త్రివిధ దళాలతో పాటు నాలుగవ రక్షణ బలంగా పరిగణించాలన్నాడు. దీర్ఘయుద్ధంలో గెలవాలంటే విదేశాల నుండి సరుకులు కొనగల శక్తి మిగలాలన్నది ఆయన తర్కం. ఆయన ప్రాధాన్య క్రమంలో స్వదేశ రక్షణ మొదటిది, సముద్ర మార్గాలు రెండవది, సామ్రాజ్య రక్షణ మూడవది. ఐరోపా మిత్రుల భూభాగాల రక్షణ చిట్టచివరిది. పద్దెనిమిదేళ్లపాటు వేరువేరు కార్యాలయాలలో నడిచిన హామీల ఖాతా, బలం ఖాతా ఇక్కడ మొదటిసారి ఒకే బల్ల మీదకు వచ్చాయి. వాటి మధ్య తేడాను పూడ్చే పని దౌత్యం మీద పడింది. బుజ్జగింపు విధానానికి పునాది ఇదే.

మ్యూనిక్: గణితమా, నిర్ణయమా?

1938లో చెకోస్లోవాకియా సమస్య వచ్చినపుడు దళాధిపతులు ఇచ్చిన సలహా ఏకకంఠంగా ఉంది: జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించకుండా ఆపగల సైనిక చర్య ఏదీ బ్రిటన్ చేతిలో లేదు. ఐరోపాకు వెంటనే పంపగలిగినవి రెండు డివిజన్లు మాత్రమే. స్పిట్‌ఫైర్ విమానాలు అప్పుడే దళంలో చేరడం మొదలయింది. ఈ వాస్తవాల దృష్ట్యా మ్యూనిక్ తప్పనిసరి అన్న వాదనకు బలముంది.

అయితే ఈ గణితంలోని అంకెలు ఆకాశం నుండి ఊడిపడినవి కావు. రెండు డివిజన్లే ఉండటానికి కారణం 1934లోనూ, 1937లోనూ భూసైన్యానికి చివరి స్థానం ఇవ్వాలన్న నిర్ణయం. ఆ నిర్ణయంలో ప్రధాన పాత్ర వహించిన వ్యక్తే 1938లో సైన్యం లేదన్న కారణంతో చర్చలకు వెళ్లాడు. పైగా లెక్కలో ఒక పక్షపు అంకెలే ప్రముఖంగా కనిపించాయి. చెక్ సైన్యపు ముప్ఫైకి పైగా డివిజన్లు, కొండల వెంట నిర్మించిన కోటలు, స్కోడా ఆయుధ కర్మాగారాలు తగిన విలువ పొందలేదు. 1939 మార్చిలో అవి జర్మనీ వశమయ్యాయి. 1940లో ఫ్రాన్సులోకి చొచ్చుకువచ్చిన జర్మన్ దళాలలో కొన్ని చెక్ కర్మాగారాలలో తయారైన ట్యాంకులతో నడిచాయి. మ్యూనిక్ వలన దొరికిన ఏడాదిని రెండు పక్షాలూ వాడుకున్నాయి.

మరొక వైపు, ఇన్‌స్కిప్ నిర్ణయాన్ని పూర్తిగా నిందించడమూ సరికాదు. వైమానిక శాఖ అభ్యంతరాలను కాదని బాంబర్లకన్నా యుద్ధవిమానాలకు ప్రాధాన్యమిచ్చింది ఆయనే. రాడార్ కేంద్రాలు, హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు 1940 వేసవిలో బ్రిటన్‌ను కాపాడాయి. దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. పరిమిత వనరులలో ఏది ముందు, ఏది వెనుక అన్నది లెక్కలు తేల్చే విషయం కాదు. అది రాజకీయ నిర్ణయం. ముందు నిలిపినది దక్కింది, వెనుకకు నెట్టినది పోయింది. 1939 మార్చి 31న పోలండుకు ఇచ్చిన హామీ సైతం దానిని నెరవేర్చగల సైన్యం లేకుండా ఇచ్చినదే.

లెక్కలో మాట లేనివారు

ఈ ప్రాధాన్య క్రమంలో మూడవ స్థానం పొందిన సామ్రాజ్య రక్షణ ఎవరి రక్షణ అన్న ప్రశ్న బ్రిటిష్ చరిత్రకారుల రచనలలో అంతగా వినిపించదు. భారత సైన్యం భారతీయుల పన్నులతో నడిచేది. సామ్రాజ్యపు అక్కరలకు దానినే వాడేవారు. భారత సైన్యం భారతదేశ రక్షణకే పరిమితం కావాలన్న అభిప్రాయంతో 1921లో కేంద్ర శాసనసభలో పి.ఎస్. శివస్వామి అయ్యర్ తీర్మానాలు ప్రతిపాదించాడు. 1933లో బ్రిటన్ ఏటా 15 లక్షల పౌండ్ల వాటా చెల్లించడానికి ఒప్పుకుంది. భారత సైన్యం ఆధునికీకరణకు చాట్‌ఫీల్డ్ సంఘం 1939లో 3.4 కోట్ల పౌండ్ల పథకాన్ని సిఫారసు చేసేనాటికి యుద్ధం వాకిట నిలిచింది.

1939 సెప్టెంబరు 3న భారతదేశం యుద్ధంలో ఉన్నట్లు వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి ప్రజాప్రతినిధులను సంప్రదించకుండానే ప్రకటించాడు. దీనికి నిరసనగా రాజీనామా చేసిన కాంగ్రెస్ ప్రభుత్వాలలో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉన్న మద్రాసు మంత్రివర్గం ఒకటి. 1941 డిసెంబరు 10న, తూర్పుకు పంపిన ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ యుద్ధనౌకలను జపాను విమానాలు మలయా తీరంలో ముంచివేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. బందీలైనవారిలో వేలాది భారతీయ సైనికులున్నారు. బంగాళాఖాతానికి కాపలా లేకుండా పోయింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై, కాకినాడపై బాంబులు వేశాయి. విశాఖ రేవు లాంఛనంగా ప్రారంభమై అప్పటికి తొమ్మిదేళ్లయినా నిండలేదు.

ముగింపు

పదేళ్ల నియమం తొలుత అవివేకమైన ఆలోచన కాదు. దానిని పుట్టించిన పరిస్థితులు మారినా నియమం మారకపోవడం దోషం. వ్యయ నియంత్రణకు ఉద్దేశించిన ఊహను భవిష్యత్తు గురించిన జోస్యంగా స్వీకరించడం వలన ఆర్థిక శాఖ లెక్క విదేశాంగ విధానపు ఎల్లలను నిర్ణయించింది. ఎల్లలు కుదించుకున్నామన్న సంగతిని మాత్రం మిత్రులకు, అధినివేశ రాజ్యాలకు, వలస ప్రజలకు ఎవరూ చెప్పలేదు. చాంబర్లేన్‌కు మిగిలిన మార్గాలు తక్కువే కాని, వాటిని తగ్గించినవారిలో ఆయనా ఒకడు, చర్చిల్ మరొకడు. బుజ్జగింపు విధానాన్ని 1938లోని ఒక వ్యక్తి బలహీనతగా కాక, 1919 నుండి ఏటా పునరుద్ధరించిన ఒక ఊహకు చెల్లించిన మూల్యంగా అర్థం చేసుకోవడం సమంజసం. ఆ మూల్యంలో తొలి వంతు ప్రాగ్ చెల్లించింది. తరువాతి వంతులు లండన్ మంత్రివర్గ చర్చలలో ఏనాడూ పేరు వినిపించని తీరపట్టణాల దాకా వచ్చాయి.